నక్షత్రనౌకలో పరాయి కళాసీ

గత వేసవి నుంచి, ఆదివారం సాయంకాలాల్లో, కాకినాడలో మా యింటి వసారాలో ఒక నౌక లంగరు వేసి వుంటున్నది. అది సముద్రం మీద తిరిగే నౌక కాదు. నక్షత్రాల మధ్య సరుకులు మోసే నౌక. దాన్ని నడిపేవారు నలుగురు కాలేజీ విద్యార్థులు. ఆ నౌకకు వున్న ఆకారమల్లా గళ్ళ కాగితం మీద పెన్సిలుతో గీసిన ఒక పటమూ, రెండు పాచికలూ, జమాఖర్చులు రాసుకునే ఒక నోటు పుస్తకమూను. మా మేనల్లుడు వారికి రిఫరీ.

ఒక ఆదివారం ఆ నౌకకు ఇంజనీరు లేకుండా పోయాడు. ఇంజనీరు పాత్ర ధరించే కుర్రాడికి హైదరాబాదులో ఉద్యోగం దొరికింది. అతని స్థానంలో కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. ఆమె తన పాత్రగా మనిషిని కాక, వేరే గ్రహానికి చెందిన ప్రాణిని ఎంచుకున్నది. నౌక ఏదో రేవులో ఆగింది. జీతం బేరం మొదలయింది. పైలట్ పాత్ర ధరించిన కుర్రాడు, "సగం జీతం చాల్లే, వీళ్ళకి మనకున్నన్ని ఖర్చులుండవు కదా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. "నా ఖర్చులు నీకెలా తెలుసు?" అన్నది.

ఆ ప్రశ్నతో ఆట ఆగింది. మా మేనల్లుడు నావైపు తిరిగి, "మావయ్యా, నువ్వు చరిత్ర చెబుతావుగా, నిజం ఓడల్లో ఇదెలా జరిగేదో చెప్పు" అన్నాడు. ముప్పై యేళ్ళుగా చరిత్ర పాఠాలు చెబుతున్న నేను ఆ సాయంకాలం కాఫీ గ్లాసు వంక చూస్తూ ఏదో నసిగి తప్పుకున్నాను. ఆ పూట చెప్పలేనిది ఇప్పుడు చెప్పటానికి ప్రయత్నిస్తాను.

ఈ ఆటల సంగతి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ఇందులో పావులు జరపటం ప్రధానం కాదు. ప్రతి ఆటగాడూ ఒక పాత్ర ధరించి, తన పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతాడు. అనుమానం వున్న చోట పాచికలు తీర్పు చెబుతాయి. లోకాన్నీ, ఎదురయ్యే మనుషుల్నీ రిఫరీ నడుపుతాడు. మన వీధిభాగవతంలో కథ ఎలా ముగుస్తుందో వేషగాడికీ తెలుసు, చూసేవాడికీ తెలుసు. ఇక్కడ ఎవరికీ తెలియదు. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' పేరిట అచ్చు వేసిన ఈ పద్ధతి మూడేళ్ళు తిరగకుండానే, 1976లో 'మెటమార్ఫసిస్ ఆల్ఫా' అనే ఆటతో నక్షత్రనౌక ఎక్కింది. 1977లో మార్క్ మిల్లర్ రచించిన 'ట్రావెలర్' మూడు చిన్న పుస్తకాలుగా వచ్చింది. మా వసారాలో నడిచేది ఈ ట్రావెలరే.

కుర్రకారు కాలక్షేపం మీద విమర్శ వ్యాసమేమిటని కొందరు మిత్రులు పెదవి విరవవచ్చు. నాకు అందులో తప్పు కనిపించదు. నవలాకారుడు తన లోకంలో ఎవరికెంత కూలి ముడుతుందో చెప్పకుండా మూడువందల పేజీలు గడపగలడు. ఆట నియమాలు రాసేవాడికి ఆ వెసులుబాటు లేదు. ఎవరు ఎంతవరకు ఎదగవచ్చు, ఎవరి జీతం ఎంత, ఎవరు ఎక్కడ పడుకుంటారు అన్నవన్నీ అంకెల్లో రాసి తీరాలి. భావజాలం అంకెల్లోకి దిగిన చోట దాన్ని పట్టుకోవటం మనబోటివాళ్ళకు కొంత సులువు.

ముందు మాట సంగతి చూద్దాం. మనం 'గ్రహాంతరవాసి' అని కొత్త మాట కూర్చుకున్నాం. ఇంగ్లీషువాడు అంత శ్రమ పడలేదు. తన చట్టంలో పరదేశిని పిలిచే 'ఏలియన్' అన్న మాటనే ఆకాశానికి ఎత్తాడు. ఆకాశానికి ఎక్కకముందు ఆ మాట ఓడల మీదనే చాలాకాలం తిరిగింది. 1925లో బ్రిటిష్ ప్రభుత్వం 'రంగుజాతి ఏలియన్ నావికుల' ఉత్తర్వు జారీ చేసింది. తాము బ్రిటిష్ ప్రజలమని కాగితాలతో రుజువు చేసుకోలేని నల్ల, గోధుమ రంగు నావికులు పోలీసుల దగ్గర ఏలియన్లుగా నమోదు కావాలన్నది దాని సారాంశం. మనదేశం నుంచీ, ఏడెన్ నుంచీ, సోమాలీ తీరం నుంచీ వెళ్ళి ఆ ఓడల కొలిమి గదుల్లో బొగ్గు వేసినవారు ఎందరో న్యాయంగా ఆ సామ్రాజ్యపు ప్రజలే. అయినా వారిని పరాయివారుగా రాసుకున్నారు. తెల్ల నావికుల సంఘం దీన్ని ఎదిరించలేదు సరికదా, రంగుజాతి నావికుల మీద ఆంక్షలు కావాలని ఆందోళన చేసినవారిలో అదీ వున్నది. ఇది మనం దాచుకోవలసిన సంగతి కాదు.

ఆ నావికులకు 'లాస్కర్లు' అని పేరు. 'లష్కర్' అన్న పారశీక పదం దాని మూలం. వారి మేస్త్రీ సరంగు. అతని కింద తండేలు. ఈ రెండు మాటలూ మన తీరంలో ఈనాటికీ బతికే వున్నాయి. శ్రీకాకుళం వైపు వేటకు పోయే పడవల్లో నాయకుణ్ణి తండేలనే అంటారు. మా వూరికి కూతవేటు దూరంలో గోదావరి పాయ మీద వున్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనలు దాన్ని తుడిచిపెట్టాయి. రేవు పోయినా పేరు సముద్రం దాటింది. బర్మావారు తెలుగు కూలీలందరినీ కోరంగీలనే పిలిచేవారు. పరాయివాడికి వాడు ఓడ ఎక్కిన రేవు పేరే కులం పేరవుతుంది కాబోలు.

లాస్కరు ఓడ ఎక్కే పద్ధతి గమనించదగింది. 1660 నాటి ఇంగ్లీషు నౌకాయాన చట్టం ప్రకారం ఓడ యజమానీ, సిబ్బందిలో ముప్పాతిక మందీ ఇంగ్లీషువారై వుండాలి. 1823 చట్టం లాస్కర్లను బ్రిటిష్ నావికులుగా లెక్కించరాదన్నది. అందుచేత వారికి వేరే ఒడంబడిక పత్రం వుండేది. తెల్ల నావికుడి జీతంలో మూడోవంతు, కొన్నిచోట్ల ఐదోవంతు మాత్రమే వారికి ముట్టేది. 1906లో నావికుడు పడుకునే చోటును మనిషికి 120 ఘనపుటడుగులకు పెంచినప్పుడు లాస్కర్లను అందులోంచి మినహాయించారు. వీరికి చలి ఎక్కువ గనుక ఇరుకులో వెచ్చగా వుంటుందనీ, అన్నం తినేవారు గనుక తిండి ఖర్చు తక్కువనీ కంపెనీలు సెలవిచ్చేవి. మా వసారాలో పైలట్ కుర్రాడు అన్నమాట ఆ కంపెనీల వాదమే. అతడు ఎక్కడా చదివి అనలేదు. అదే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది.

1914 నాటికి బ్రిటిష్ వర్తక నౌకల్లో యాభైవేలకు పైగా లాస్కర్లు పనిచేస్తున్నారు. కనుక పరాయివాణ్ణి ఓడలోకి తీసుకోవాలా వద్దా అన్నది ఏనాడూ అసలు ప్రశ్న కాదు. అతడు లేకుండా ఓడ కదలదు. ఏ పత్రం మీద అతనితో సంతకం పెట్టించుకుంటారన్నదే ప్రశ్న.

కూలీగా కాక పండితుడుగా ఎక్కినవాడి గతి ఏమిటి? దానికీ ఒక ఉదాహరణ వున్నది. 1769లో కెప్టెన్ కుక్ నడిపిన 'ఎండెవర్' ఓడ తాహితీ నుంచి బయలుదేరినప్పుడు తుపాయా అనే పూజారి అందులో ఎక్కాడు. అతడు నక్షత్రాలనూ అలలనూ చూసి దారి చెప్పగల నావికశాస్త్రవేత్త. కుక్ మొదట సందేహించాడు. సర్కారు అతనికి ఖర్చు భరించదన్నాడు. ఆ ఓడలోనే వున్న ధనిక వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ ఆ ఖర్చు తాను పెట్టుకుంటానన్నాడు. ఎందుకు? తన ఇరుగుపొరుగు ప్రభువులు సింహాలనూ పులులనూ పెంచుకుంటున్నప్పుడు తాను ఇతణ్ణి వింతగా వుంచుకుంటే తప్పేమిటని ఆయనే దినచర్యలో రాసుకున్నాడు. తుపాయా డెబ్బైకి పైగా దీవులతో పటం తయారుచేయించాడు. న్యూజీలాండులో అక్కడివారికీ ఓడవారికీ మధ్య మాట కలిపింది అతడే. అతడు లేకపోతే ఆ తీరంలో ఇంకెంత నెత్తురు కారేదో. 1770లో బటావియా రేవులో రోగంతో చనిపోయాడు. శాస్త్రజ్ఞానంలో ఆ ఓడలో ఎవరికీ తీసిపోని మనిషి అందులో ఎవరి లెక్కకిందకు వచ్చాడు? నావికుడి లెక్కలోకి కాదు. సేకరించిన మొక్కల లెక్కలోకి వచ్చాడు.

అమెరికన్ కథా పత్రికలు గ్రహాంతరవాసిని నౌక ఎక్కించినప్పుడు మొదట ఈ నమూనా పద్ధతినే పట్టుకున్నాయి. 1939లో ఏ.ఇ. వాన్ వోట్ రాసిన 'బ్లాక్ డెస్ట్రాయర్' కథలో అన్వేషకులు పిల్లిని పోలిన ఒక ప్రాణిని పరీక్షించటానికి నౌకలోకి రానిస్తారు. అది వారిని ఒక్కొక్కరినే చంపుతుంది. తరవాత ఈ కథను చేర్చి కూర్చిన నవలలో నౌక పేరు 'స్పేస్ బీగిల్'. డార్విన్ ప్రయాణించిన ఓడ పేరు. మరి ఆ అసలు బీగిల్‌లో కూడా పరాయివారుండిరి! దక్షిణ అమెరికా కొస నుంచి ఇంగ్లండుకు పట్టుకుపోయిన ముగ్గురు ఫ్యూజియన్లను 1831లో బయలుదేరిన ఆ ఓడే తిరిగి తీసుకువెళ్ళింది. నాలుగోవాడు ఇంగ్లండులోనే మశూచికంతో పోయాడు. చరిత్రలో ఓడలోకి తెచ్చిన పరాయివాడు చస్తాడు; కథలో ఓడలోకి తెచ్చిన పరాయివాడు చంపుతాడు.

1945లో మరే లైన్‌స్టర్ రాసిన 'ఫస్ట్ కాంటాక్ట్' కథ ఇంతకంటె నయం. రెండు జాతుల నౌకలు నడి ఆకాశంలో ఎదురుపడతాయి. ఒకరి వెంట ఒకరు ఇంటిదాకా వచ్చి దాడి చేస్తారేమోనన్న భయంతో ఎవరూ కదలలేరు. చివరకు నౌకలు మార్చుకుని విడిపోతారు. దీనికి సోవియట్ రచయిత ఇవాన్ యెఫ్రెమోవ్ 'సర్పహృదయం' అన్న పెద్దకథతో జవాబు చెప్పాడు. అందులో భవిష్యత్తు మానవులు తమ నౌకలో కూర్చుని లైన్‌స్టర్ కథనే చదివి, ఈ భయం ఆనాటి వర్గసమాజపు భయమని తేలుస్తారు. నక్షత్రాలదాకా వచ్చిన ఏ జాతి అయినా దోపిడీని దాటి వచ్చినదై వుండాలని యెఫ్రెమోవ్ నమ్మకం. వారికి ఎదురైనవారు ఆక్సిజన్‌కు బదులు ఫ్లోరిన్ పీల్చేవారు. ముట్టుకోవటానికి వీలులేదు, పారదర్శకమైన గోడకు ఇటూ అటూ నిలబడి జ్ఞానం ఇచ్చిపుచ్చుకుంటారు.

నేను విద్యార్థిగా వున్నప్పుడు ఈ కథను మాస్కో వారి ఇంగ్లీషు సంకలనంలో చదివి రాత్రంతా నిద్రపోలేదు. ఈ వ్యాసం కోసం మళ్ళీ చదివాను. ఇప్పటికీ గొప్ప కథే. కానీ ఒక చోట కలుక్కుమన్నది. అఫ్రా దేవి అనే జీవశాస్త్రవేత్త, ఆ ఫ్లోరిన్ జాతి తమ శరీరధర్మాన్నే మార్చుకుని ఆక్సిజన్ పీల్చేవారుగా కావచ్చునని సూచిస్తుంది. వారి ఒంటరితనం చూడలేక, కరుణతో చెప్పిన మాటే. మారవలసింది మాత్రం వారే! యుద్ధభయం లేని చోట కూడా మన గాలే గాలి. ఈ ఒక్క వాక్యం వల్ల యెఫ్రెమోవ్‌ను సామ్రాజ్యవాదుల సరసన కూర్చోబెట్టేవారితో నేను ఏకీభవించను. అయితే మనవాడు గదా అని దీన్ని చూడకుండా దాటిపోవటమూ విమర్శ కాదు.

నౌకలో పరాయివాడికి సరైన ఉద్యోగం మొట్టమొదట లక్షలమంది కళ్ళముందు దొరికింది 1966లో, 'స్టార్ ట్రెక్' టెలివిజన్ ధారావాహికలో. స్పాక్ తండ్రి వల్కన్ గ్రహవాసి, తల్లి భూలోకపు మనిషి. అతడు నౌకలో రెండో అధికారి. ప్రసార సంస్థవారికి అతని కొనదేరిన చెవులు సైతానును గుర్తుకు తెస్తాయని భయం వేసి, ప్రచారపు ఫొటోలో వాటిని చెరిపి గుండ్రంగా చేశారు. ఆ సంవత్సరం డిసెంబరులో ప్రసారమైన ఒక భాగంలో శత్రుజాతి మొహాలు స్పాక్ మొహంలాగే వున్నాయని తెలుస్తుంది. వెంటనే తోటి అధికారి ఒకడు అతణ్ణి గూఢచారిగా అనుమానిస్తాడు. ఆ నౌకలోనే చుక్కాని దగ్గర కూర్చునే సులూ పాత్రధారి జార్జి టకేయి, పసితనంలో జపాను మొహం వున్న నేరానికి తల్లిదండ్రులతో సహా ఆర్కాన్సా శిబిరంలో ఖైదీగా గడిపినవాడు. 1942 నుంచి అమెరికా ప్రభుత్వం అలా బంధించినవారు లక్షా ఇరవైవేలు. ఆ సన్నివేశం ఎవరి కథో వేరే చెప్పనక్కరలేదు.

కానీ ఆ మహానౌకలో పరాయివారు ఎందరు? కనిపించినంతవరకు స్పాక్ ఒక్కడే; అతడూ సగం మనిషి. 1968లో వచ్చిన ఒక భాగంలో ఒక వార్త వింటాము: 'ఇంట్రెపిడ్' అనే నౌక నాలుగువందల మందితో సహా నాశనమైంది, వారందరూ వల్కన్లే. అంటే అంత ఉదార సమాఖ్యలోనూ వారికి వేరే నౌక! మన వూళ్ళలో వేరే బావి వున్నట్టు అని నాకు తోచింది. రచయితలు అలా ఉద్దేశించి వుండరు. పరాయివారు లేకపోవటానికి పెద్ద కారణం సిద్ధాంతం కాదు, రంగూ రబ్బరూ. వేషానికి డబ్బు కావాలి. అదే కథ 1973లో బొమ్మల చిత్రంగా మారగానే మూడు చేతులు, మూడు కాళ్ళు వున్న ఆరెక్స్ దారిచూపే బల్ల దగ్గరా, పిల్లిజాతి స్త్రీ మ్రెస్ వార్తల బల్ల దగ్గరా హాజరయ్యారు. బొమ్మకు మూడో చెయ్యి గీయటానికి ఖర్చు లేదు.

పాత్రధారణ ఆటలో ఆ కొద్దిపాటి ఖర్చు కూడా లేదు. 'నాకు ఆరు కాళ్ళు' అంటే ఆరు కాళ్ళే. ఇక్కడ పరాయివాడు దూరంగా వుండటానికి డబ్బు సాకు పనికిరాదు. ఇంకా తేడా మిగిలితే అది నియమాలు రాసినవారు తమ లోకం నుంచి మోసుకొచ్చిందే.

తేడా మిగిలింది. 1974 నాటి మొదటి ఆటలో మరుగుజ్జు జాతివాడు యోధుడుగా ఆరో మెట్టు దాటలేడు. హాబిట్ నాలుగో మెట్టు దాటలేడు. మనిషికి మాత్రం హద్దు లేదు. ఎంత గెలిచినా, ఎన్నేళ్ళు ఆడినా అంతే. మనుషులు ప్రధానంగా వుండే లోకం కావాలంటే ఈ హద్దు తప్పదని గైగాక్స్ 1979లో సమర్థించుకున్నాడు. అనగా పోటీలో మనిషి గెలవడేమోనని భయం వేసి, పోటీనే రద్దు చేశారన్నమాట! గుమాస్తా దాకా రావచ్చు, కలెక్టరు కారాదు అన్న తెల్లదొరల కాలం మా తాతగారికి బాగా తెలుసు. ఈ హద్దులు పూర్తిగా తొలగింది 2000లో వచ్చిన మూడో కూర్పులో.

'ట్రావెలర్' విషయం వేరు. 1977 పుస్తకాల్లో పరాయి ఆటగాడే లేడు. 1984 నుంచి ఒక్కొక్క జాతికి ఒక్కొక్క పుస్తకం వచ్చింది. వాటిలో కొంత నిజమైన కల్పనాశక్తి వున్నది. ఆస్లాన్ జాతిలో మగవాడికి నేలా, యుద్ధమూ తప్ప తెలియదు. వ్యాపారమూ, డబ్బులెక్కా ఆడవారివి. వార్గర్లు ఎప్పుడో మూడులక్షల ఏళ్ళ క్రితం మన భూమి నుంచి ఎత్తుకుపోయిన కుక్కల సంతతి. నన్ను అన్నిటికంటె ఆకర్షించింది క్క్రీ జాతి. వారు శాకాహారులు. ఒంటరిగా బతకలేరు, మందగా వుండాలి, విశాలమైన చోటు కావాలి. మాంసం తినేవాడి వాసన సైతం భరించలేరు. మాంసాహార జాతులను మట్టుబెట్టటమే తమ ధర్మమనుకుంటారు. రెండువేల లోకాల ఏలికలు!

అమెరికన్ పాఠకుడికి ఇది వింత. నాకు కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వూళ్ళో ఇల్లు అద్దెకు అడిగితే, ఆ యజమాని నా జీతం ఎంతని అడగలేదు. వంటింట్లో ఏం వండుతారని అడిగాడు. నేను జవాబు చెప్పేలోగానే ఆయన భార్య లోపలినుంచి, "ఇల్లు ఖాళీ లేదని చెప్పండి" అన్నది. క్క్రీలను ఎక్కించుకునే నౌక ఎలా కట్టాలో ఆ పుస్తకం శ్రద్ధగా చెబుతుంది. వారి వాసన భయానికి మిగతా సిబ్బంది ఎంతవరకు తలవంచాలో ఆటగాళ్ళు తేల్చుకోవలసిందే. పరాయివాడి ప్రతి ఆచారాన్నీ గౌరవించటం అభ్యుదయమనుకునే మిత్రులు ఒక్కసారి ఈ నౌకలో వంటవాడి పాత్ర ధరించి చూడాలి.

1982లో వచ్చిన 'స్టార్ ఫ్రాంటియర్స్' ఆటలో మనుషులూ, మరి మూడు జాతులూ మొదటినుంచీ ఒకే సమాఖ్యలో సమానులు. ఎవరూ ఎవరి నౌకకూ అతిథి కాదు. దానికి వెల, సథార్ అనే పురుగుజాతి. అది పుట్టుకతోనే శత్రువు, దానితో మాట్లాడేది లేదు. నలుగురు కలవటానికి అయిదోవాడు రాక్షసుడు కావలసి వచ్చింది.

ఆ నాలుగు జాతుల్లో చంకల కింద చర్మపు రెక్కలున్న కోతివంటి యాజీరియన్లకు దగ్గరి చుట్టాలు హాడోజీలు. నక్షత్రనౌకల కోసం 1989లో మొదలైన 'స్పెల్‌జామర్' ఆటలోకి వారు ఓడ కళాసీలుగా వచ్చారు. తాళ్ళు పట్టుకుని పాకటంలో నేర్పరులు. 2022లో ఆ ఆటను మళ్ళీ అచ్చు వేసినప్పుడు వారికి ఒక పుట్టుక కథ చేర్చారు. ఒక మాంత్రికుడు ఈ జంతువులను పట్టి, మందు పోసి, తెలివి వచ్చేలా చేసి, బానిస సైన్యంగా అమ్మదలచాడనీ, అతని శిష్యులు దయతలచి విడిపించారనీ ఆ కథ. కోతి మొహం, ఓడ, బానిసతనం, దయగల విమోచకులు! నల్లజాతి ఆటగాళ్ళకూ, మరెందరికో ఇది ఎవరి బొమ్మో వెంటనే తెలిసింది. పెద్ద అలజడి లేచింది. ప్రచురణకర్తలు సెప్టెంబరులో క్షమాపణ చెప్పి ఆ కథను తీసివేశారు. ఆ ఏడాది చివర్లోనే, తమ ఆటల్లో 'జాతి' అన్న మాట మాని ఇకపై 'జీవజాతి' అనే అర్థం వచ్చే మాట వాడతామని ప్రకటించారు. 2024 కూర్పులో అలాగే అచ్చయింది.

మాట మారటం మంచిదే. అంతటితో సంబరపడేవారిని చూస్తే మాత్రం నాకు 'కూలీ'ని 'వర్కర్' అని పిలిచి రోజుకూలి పెంచని కంట్రాక్టర్లు గుర్తుకు వస్తారు. తప్పు మాటలోకంటె ఎక్కువగా ఆ కథ అల్లికలో వున్నది. హాడోజీలు తమంతట తాము తిరగబడినట్టు రాయాలన్న ఊహే ఎవరికీ రాలేదు. నిజం ఓడల్లో అలా జరగలేదా? 1939లో యుద్ధం మొదలవగానే, టార్పెడోలకు ఎదురుపోవాలంటే జీతం పెంచమని లాస్కర్లు రేవు రేవునా సమ్మె కట్టారు, జైళ్ళకు వెళ్ళారు, జీతం పెంచుకున్నారు. ఏ శిష్యుడూ దయతలచలేదు.

వెనక్కు, మా వసారాకు వస్తాను. తరవాతి ఆదివారం నేను పై సంగతులన్నీ కొంత ఎక్కువగానే చెప్పి వుంటాను. ఒక కుర్రాడు ఆవలించాడు. అప్పుడు ఆ అమ్మాయి నోటు పుస్తకం తన ముందుకు లాక్కుని లెక్క వేయటం మొదలుపెట్టింది. ట్రావెలర్ నియమాల ప్రకారం పైలటుకు నెలకు 6,000 క్రెడిట్లు, ఇంజనీరుకు 4,000, స్టీవార్డుకు 3,000, డాక్టరుకు 2,000. ఈ నలుగురి జీతాలూ కలిపి 15,000. ఇక నౌక. అది రెండువందల టన్నుల చిన్న వర్తక నౌక. ఖరీదు 3 కోట్ల 70 లక్షల 80 వేలు. అయిదోవంతు ముందుగా కట్టి, మిగిలినది బ్యాంకు అప్పుగా 480 నెలలు, అంటే నలభై ఏళ్ళు తీర్చాలి. నెల వాయిదా ఖరీదులో 240వ వంతు: 1,54,500. అప్పు తీరేసరికి కట్టింది ఖరీదుకు రెండింతలు దాటుతుంది.

"నా జీతం సగం కోస్తే మీకు మిగిలేది రెండువేలు," అన్నది ఆ అమ్మాయి. "బ్యాంకుకు లక్షా యాభై నాలుగువేల అయిదువందలు కడుతున్నారు. దాన్ని తగ్గించమని ఎప్పుడైనా అడిగారా?"

ఎవరూ అడగలేదు. ఆట మొదలై అయిదు నెలలయింది. వాయిదాకు తక్కువ పడ్డప్పుడల్లా వారు ప్రయాణికుల నీళ్ళు తగ్గించారు, స్టీవార్డును తిట్టారు. వెయ్యి క్రెడిట్లకు మంచుపెట్టెలో పడుకోబెట్టి తీసుకుపోయే పేద ప్రయాణికులను ఎక్కువమందిని ఎక్కించారు. ఆ పెట్టెలోంచి బతికి లేస్తాడా లేదా అన్నది పాచికల మీద వుంటుంది. ఎందరు బతుకుతారోనని పందెం వేసుకునే ఆచారం కూడా నియమాల పుస్తకంలోనే వున్నది. బ్యాంకు వాయిదా మాత్రం సూర్యోదయంలా అనుకున్నారు.

1930లో రంగూను రేవులో మన కోరంగీలు కూలి పెంచమని సమ్మె కట్టినప్పుడు, కంపెనీలు బర్మా కూలీలను దింపాయి. రాజీ కుదిరి తెలుగువారు తిరిగి పనిలోకి రాగానే బర్మావారిని పొమ్మన్నాయి. ఒకరి కూడు ఒకరు లాక్కున్నారని రెండు పక్షాలూ వీధుల్లో కొట్టుకున్నాయి. వందకు పైగా చచ్చారు, ఎక్కువమంది తెలుగువారే. ఈ సంగతి నేను పాఠంలో ఎన్నోసార్లు చెప్పాను. ఆ నెల ఓడల కంపెనీల లాభం ఎంతని ఏ విద్యార్థీ అడగలేదు. నాకూ చెప్పాలని తోచలేదు.

పైలట్ కుర్రాడు కాసేపు నోటు పుస్తకం తిరగేశాడు. తరవాత కొత్త పేజీ తీసి నలుగురి పేర్లూ వరసగా రాశాడు. ఆ అమ్మాయి పాత్ర పేరు పలకటం అతనికి ఇంకా రాదు. అక్షరాలు అడిగి రాసుకున్నాడు. ఎదురుగా 4,000 వేశాడు. ఆమె తన పాత్రకు గది వేడి ఎక్కువ కావాలన్నది. డాక్టరు పాత్రధారి తనకు చలే కావాలన్నాడు. దీని మీద అరగంట వాదన జరిగింది. ఒకరి గది గోడకు ఒకరు తమ ఖర్చుతో రేకు కొట్టించుకోవాలని తేలింది. వాయిదాకు ఇంకా ఇరవైవేలు తక్కువ.

"కట్టకపోతే ఏమవుతుంది?" అన్నాడు స్టీవార్డు.

మా మేనల్లుడు నియమాల పుస్తకం తెరిచాడు. వాయిదా ఎగ్గొట్టి పారిపోయే నౌకల గురించి అందులో ఒక ప్రకరణమే వున్నది. జప్తు చేసేవాళ్ళు ఏ రేవులోనైనా పట్టుకోవచ్చునని చదివి వినిపించి, "ఓటు వేసుకోండి" అన్నాడు. నాలుగు చేతులు లేచాయి. పాచికలు వేయమని ఆ అమ్మాయికి ఇచ్చారు.